మూల తిరగని తేరు

నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వెళ్ళొచ్చి నెల దాటింది. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. "అక్కడ చూడ్డానికేముంది?" అన్నది మా వీధిలో అందరి ప్రశ్న. చక్రాలు ఉన్నాయని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ముప్ఫై ఒక్కేళ్ళు రైల్వే వర్క్‌షాపులో చక్రాల లేత్ మీద పనిచేశాను. అరిగిపోయి వచ్చిన చక్రాలను మళ్ళీ గుండ్రంగా చెక్కి పంపడం నా ఉద్యోగం. అవి వెళ్ళి మళ్ళీ అరిగి వచ్చేవి. అంతకుమించి నా జీవితచరిత్రలో సంఘటనలు లేవు. రిటైరయి బెజవాడ దగ్గర మా ఊళ్ళో ఉంటుండగా, ఫిబ్రవరి నెలలో బాలప్ప దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. బాలప్ప నా లేత్ దగ్గర పన్నెండేళ్ళు హెల్పరుగా చేసి, నాకంటే ఏడాది ముందు రిటైరయి సొంత ఊరికి వెళ్ళిపోయిన పాలమూరు మనిషి. కార్డులో ఇంతే ఉంది:

"సార్, మా ఊరి తేరుకు కొత్త చక్రాలు నేనే చేపిచ్చిన. నిరుడు మూలకాడ తిరగలే. ఈసారి మా నర్సింహులు మొద్దు వెయ్యాలని పెద్దమనుషులు అంటున్రు. వాని చెయ్యి పోతది. మీరొచ్చి చక్రాలు కరెక్టే అని చెప్పాలె. జాతర పున్నానికి. గద్వాల టేషన్‌ల ఉంట."

తేరంటే రథం. నర్సింహులు అతని కొడుకు. మొద్దు సంగతి నాకు అర్థం కాలేదు. చెయ్యి సంగతి అర్థమైంది. బయల్దేరాను.

గద్వాలలో ఉగ్గాణి

స్టేషన్‌లో బాలప్ప నిలబడి ఉన్నాడు. మనిషి ఏమీ మారలేదు. నా సంచి లాక్కుని, ఎడంచేతి మూడు వేళ్ళతో పట్టుకుని ముందు నడిచాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. అవి వ్యాగన్ల కప్లింగులో పోయాయని మా షాపులో అందరం అనుకునేవాళ్ళం. ఎవరమూ అడగలేదు. రైల్వేలో వేళ్ళు తక్కువున్న మనిషిని కారణం అడగడం మర్యాద కాదు.

స్టేషను బయట హోటల్లో ఉగ్గాణి తిన్నాం. బొరుగులు నీళ్ళలో నానబెట్టి పిండి, పసుపూ పచ్చిమిర్చీ తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు బొరుగులు జ్వరమొచ్చినవాళ్ళకు పెడతాం. ఇక్కడ దుక్కి దున్నబోయేవాళ్ళు తింటున్నారు. నేను సగం ప్లేటు తినేసరికి హోటలాయన వచ్చి "ఊట ఆయ్తా?" అన్నాడు. అది కన్నడమనీ, తిన్నావా అని అడుగుతున్నాడనీ బాలప్ప చెప్పాడు. తింటూనే ఉన్నానని చెప్పాను. ఆయన సంతోషించి ఇంకో బజ్జీ వేశాడు. దానికీ డబ్బులు తీసుకున్నాడు.

టిఫినయ్యాక బాలప్ప నన్ను ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే ఒక షెడ్డుకు తీసుకెళ్ళాడు. తేరు చక్రాలు పోసింది అక్కడే. షెడ్డు యజమాని రసూల్ భాయ్ నన్ను చూడగానే కుర్చీ వేసి, నేను కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"నేను చెప్పిన సార్, తేరుకు గిట్ల పనికిరాదని. ఇన్లే. రైల్వేల చక్రాల కాడ పన్నెండేండ్లు చేసిన, నీకేం తెల్వదు పో అన్నడు. మనకెందుకు లడాయని చేసిచ్చిన."

"రైలుకు పనికొస్తది, తేరుకెందుకు రాదు?" అన్నాడు బాలప్ప.

రసూల్ భాయ్ చక్రాలు పోత పోసిన చెక్క ఫర్మా మూలనుంచి తెచ్చి నా ముందు పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను. అది రైలు చక్రం. పట్టా లోపలివైపుకు దిగే అంచు, ఫ్లాంజి, ఒక్కటే లేదు.

ఇక్కడ నా వృత్తి గురించి కాస్త చెప్పక తప్పదు. రైలు చక్రం పట్టా మీద ఆనే భాగం సమంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. లోపలివైపు కాస్త పెద్దగా ఉండి బయటికి పోయేకొద్దీ సన్నబడుతుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి. ఒకటి తిరిగితే రెండోది తిరగాల్సిందే. వంపులో బయటి పట్టా పొడవు ఎక్కువ, లోపలి పట్టా తక్కువ. కలిసి తిరిగే రెండు చక్రాల్లో ఒకటి ఎక్కువ దూరం ఎలా పోవాలి? అందుకే ఆ వాలు. వంపు రాగానే జత మొత్తం కొంచెం బయటికి జరుగుతుంది. బయటి చక్రం తన పెద్ద భాగం మీద, లోపలి చక్రం తన చిన్న భాగం మీద దొర్లుతాయి. పెద్దది ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి బండి దానంతటదే వంపు తిరుగుతుంది. ఫ్లాంజి ఉన్నది మరీ జారితే ఆపడానికే. డ్రైవరు దగ్గర స్టీరింగు ఉంటుందని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు.

బాలప్పకు ఇది నేర్పింది నేనే. ఒకరోజు టీ విరామంలో రెండు స్టీలు గ్లాసులు మూతికి మూతి ఆనించి, టేపు చుట్టి, వాలుగా పెట్టిన రెండు ఇనుప చువ్వల మీద దొర్లించాను. గ్లాసులు పక్కకు పోబోయి వాటంతటవే మధ్యకు వచ్చాయి. బాలప్ప నోరు తెరుచుకుని చూశాడు. ఆ పూట నాకు చాలా గర్వంగా ఉండింది. చువ్వలు తీసేసి, అవే గ్లాసుల్ని ఉత్త నేల మీద దొర్లించి చూపాలని మాత్రం నాకు తోచలేదు.

"మూలకాడ దానంతటదే తిరుగుతదనుకున్న సార్," అన్నాడు బాలప్ప. "మొద్దు అక్కర లేకుంటయితదని."

అప్పుడు చెప్పాడు మొద్దు సంగతి. తేరును జనం మోకులు కట్టి లాగుతారు. ఊరి మధ్యలో ఒక మూల ఉంది. అక్కడ ఎడమకు తిరగాలి. తిరగాలంటే ఎడమపక్క చక్రం కింద ఒకడు కట్టె మొద్దు దూర్చాలి. ఆ చక్రం ఆగుతుంది, కుడిపక్కది ముందుకు పోతుంది, తేరు మళ్ళుతుంది. మొద్దు వేయడం తరతరాలుగా బాలప్ప ఇంటివాళ్ళ సేవ. వేసినవాడికి దేవుడి తలపాగా కడతారు. చేత్తోనే వేయాలి, కర్రతో తోయకూడదు. తేరు కదులుతూ ఉండగానే వేయాలి.

"నా ఏళ్ళు ఆడనే పొయినయి సార్. రైల్వేల కాదు. మీ కాడికి రాకముందు, యార్డుల ఉన్నప్పుడు, సెలవు మీద వచ్చి మొద్దేసిన. చెయ్యి తీస్కునే లోపల చక్రం ఎక్కింది," అని వేళ్ళు లేని చోటు చూపించాడు.

పన్నెండేళ్ళు నా పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ చేత్తోనే నాకు టీ అందించేవాడు. నాకు సిగ్గేసింది.

కృష్ణ మీదుగా

మర్నాడు ప్యాసింజరులో వనపర్తి రోడ్డుకు బయల్దేరాం. ఊరి పెద్ద వనపర్తిలో ఉంటాడు, ఆయన మాటే ఆఖరు మాట. దారిలో కృష్ణ వచ్చింది. మా ఊళ్ళో చూసే నదే. మా దగ్గర నీళ్ళు ఎక్కువ, ఇక్కడ బండలు ఎక్కువ. ఎదుటి సీట్లో పల్లీల మూట పెట్టుకున్న ఒక పెద్దాయన నదిలోకి రూపాయి విసిరాడు. అది బండ మీద పడి ఖంగుమంది. ఆయన అయినా దణ్ణం పెట్టుకున్నాడు.

మా పెట్టె కింద ఒక చక్రం టక్ టక్ టక్ అంటోంది. నేనూ బాలప్పా ఒకేసారి తలలు వంచి విన్నాం.

"ముందుజత, కుడిది," అన్నాడు బాలప్ప.

"బ్రేకు పట్టేసి చక్రం తిరక్కుండా జారింది. ఆ చోట అరిగి చదునైంది," అన్నాను.

పల్లీల పెద్దాయన భయపడ్డాడు. "ఆగిపోతదా?"

"ఆగదు. ఇలా చప్పుడు చేసుకుంటూ పోతుంది."

"మా ఇంటామె లెక్క," అని ఆయన నిమ్మళంగా ఒక గుప్పెడు పల్లీలు ఇచ్చాడు.

ఒక స్టేషన్లో గూడ్సు కోసం మమ్మల్ని ఆపారు. నలభై నిమిషాలు. అందరూ తిట్టుకుంటుంటే మేమిద్దరం కిటికీలోంచి చక్రాలు చూశాం. గూడ్సు చక్రం మన పెట్టె చక్రం కన్నా నాలుగు వేళ్ళు పెద్దది, మందం. ఎక్కువ బరువు మోయాలి. అంచుకూ ఇరుసుకూ మధ్యనున్న దాని పళ్ళెం తిన్నగా కాక వంపులు తిరిగి ఉంటుంది. బరువుతో వాలు దిగుతూ బ్రేకు వేస్తే బ్రేకు దిమ్మె నేరుగా చక్రాన్నే రాస్తుంది, కాలిపోయేంత వేడెక్కుతుంది, ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పగులుతుంది. ఆ వంపు ఆ చోటు కోసం. ప్యాసింజరు చక్రానికి వేరే బాధ. వేగం ఎక్కువైతే ఆ వాలు వల్లే జత అటూ ఇటూ ఊగులాడుతుంది. అందుకని చక్రం ముఖం కాస్త అరిగినా లేత్ మీదికి పంపేవారు. గూడ్సువి ఇంకా అరిగేదాకా తిప్పేవారు. మనుషులు ఫిర్యాదు పుస్తకం అడుగుతారు, బొగ్గు అడగదు.

వనపర్తి రోడ్డులో దిగి, ఊళ్ళోకి నడిచి పోదాం పద అని నేను ముందు నడిచాను. బాలప్ప సంచి పట్టుకుని వెనకే వచ్చాడు. ఎండ మొదలైంది. చాలాసేపటికి వెనక నుంచి "సార్, వనపర్తి ఇంక చాన దూరముంది. బస్సు ఎక్కాలె," అన్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు నడుస్తమంటిరి గద."

స్టేషను పేరు చివర 'రోడ్డు' ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం. ముప్ఫై ఒక్కేళ్ళ రైల్వే ఉద్యోగికి తెలియాలి. తిరిగి స్టేషను దాకా నడిచి వచ్చాం. నేనేది చెబితే అది నెత్తిన పెట్టుకునే ఈ మనిషికి సగం చదువు చెప్పి పంపానన్న సంగతి ఆ ఎండలో నాకు బాగా తెలిసింది.

వనపర్తిలో తీర్పు

వనపర్తి రాజుగారి భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజులుండిన చోట పిల్లలు డ్రాయింగు బోర్డులు మోసుకుని తిరుగుతున్నారు. నాకు నచ్చింది. ఆ దగ్గరలోనే ఊరి పెద్ద ఇల్లు. అందరూ పటేల్ అంటారు. మనవల చదువులకని ఊరు వదిలి ఇక్కడ ఉంటున్నాడు. జాతరకు మాత్రం వెళ్ళి పెత్తనం చేస్తాడు.

ఈ ప్రాంతంలో బాలప్ప తప్ప నన్ను అందరూ 'నువ్వు' అన్నారు. పటేల్ అన్నాడు, కండక్టర్ అన్నాడు, సోడాలమ్మే ఇరవై ఏళ్ళ కుర్రాడూ అన్నాడు. మొదటి రోజు గుచ్చుకుంది. రెండో రోజుకు, వాళ్ళు దేవుణ్ణీ అలాగే అంటున్నారని గమనించి ఊరుకున్నాను.

"నువ్వేనా ఆ సారువి?" అన్నాడు పటేల్. "రైలు మూలకాడ తిరుగుతది, మా తేరు ఎందుకు తిరగది? నిరుడు సక్కగ పొయ్యి కిరాణం దుకాణం అరుగు ఎక్కింది. జర చెప్పు."

బాలప్ప నా వంక చూశాడు. చక్రాలు కరెక్టే, రోడ్డే తప్పు అంటానని అతని ఆశ. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అదే చక్రాలతో ఈసారీ లాగితే తేరు ఎవరి మీదికి పోతుందో!

నిజం చెప్పాను. రైలు చక్రానికున్న వాలు పట్టా మీదే పనిచేస్తుంది. ఉత్త నేల మీద ఆ చక్రం లోపలి అంచు ఒక్కటే ఆని, నాగలిలా చాలు కోసుకుంటూ తిన్నగా పోతుంది. పైగా రెండు చక్రాలూ ఇరుసుకు చీలలతో బిగించి ఉన్నాయి కాబట్టి ఎడమ చక్రం కింద మొద్దు వేస్తే కుడిదీ ఆగిపోతుంది. ఒక చక్రాన్ని ఆపి ఇంకోదాన్ని పోనివ్వడం కుదరదు. ప్రతి ఇరుసుకూ ఒక చక్రం చీల తీసేసి వదులు చేస్తే, అంచులు అరగదీసి చదును చేస్తే, తేరు పాత పద్ధతిలో తిరుగుతుంది.

"పాత పద్ధతంటె మొద్దేసుడే గద?" అన్నాడు పటేల్.

"అవును."

"మంచిది. చీలలు తియ్యుండ్రి. నర్సింహులు మొద్దేస్తడు. అయిపాయె."

బాలప్ప నా సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. అతని కొడుకు చెయ్యి కాపాడటానికి రెండు రైళ్ళెక్కి వచ్చినవాణ్ణి, ఆ చెయ్యిని నేనే చక్రం కిందికి తోసి వచ్చాను. నిజం చెప్పినందుకు నాకు ఏ సంతోషమూ కలగలేదు.

ఊరి పేరు రాయొద్దన్నారు

నాగర్‌కర్నూలు బస్సు నిండా ముంబై, పూణె నుంచి జాతరకు తిరిగొస్తున్న కూలీలు. సిమెంటు పనివాళ్ళు. ఒకాయన ఒళ్ళో కొత్త మిక్సీ ఉంది. ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందని అడిగాను. "ఉన్నప్పుడు ఉంటది," అన్నాడు. కొల్లాపూర్ మామిడి తిని పొమ్మని బస్సులో ముగ్గురు చెప్పారు. ఆ నెలలో చెట్లకు పూత మాత్రమే ఉందని కూడా వాళ్ళే చెప్పారు.

నాగర్‌కర్నూలు చేరకముందే దిగి మట్టిరోడ్డు పట్టాలి. ఊరి పేరు రాయవద్దని వాళ్ళు కోరారు. తేరు దుకాణమెక్కిన ఊరని పేరొస్తుందట.

బాలప్ప ఇంట్లో అతని భార్య ఎల్లమ్మ, కొడుకు నర్సింహులు ఉన్నారు. నర్సింహులుకు ఇరవయ్యెనిమిదేళ్ళు. పూణెలో సెంట్రింగు పని. వచ్చే నెల పెళ్ళి. ఎల్లమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నర్సింహులు కల్లు తెచ్చి నడివాకిట్లో పెట్టాడు. మా వైపు ఇది తలుపేసుకుని చేసే పని. ఇక్కడ దారిన పోయేవాళ్ళు పలకరించి, రుచి ఎట్లుందని అడిగి వెళ్ళారు. పుల్లగా ఉందని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు.

పటేల్ తీర్పు విని నర్సింహులు సంతోషించాడు.

"నాయినా, నేనే వేస్త. మా తాత వేసిండు, నువ్వు వేసినవ్. నీ ఏళ్ళు పొయినయని నేను భయపడి ఇంట్ల కూసోవాల్నా? ఊరంత నవ్వుతుండ్రు, తేరును రైలు చేసిండు మీ నాయిన అని."

"నవ్వనీ," అన్నాడు బాలప్ప. "నవ్వితె ఏళ్ళు పోవు."

ఎల్లమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. బాలప్పకు దెబ్బ తగిలిన ఏడు నుంచి ఆమె తేరు చూడటానికి పోవడం లేదని తర్వాత తెలిసింది.

పొద్దున్నే చీలలు తీయడం మొదలుపెట్టాం. కూర్చుని నాలుగు చక్రాల అంచులు అరగదీశాం. పక్క చేలో ట్రాక్టరు దున్నుతోంది. ఎల్లమ్మ మాకు చాయ్ తెచ్చి, కాసేపు నిలబడి ఆ ట్రాక్టరు వంక చూసింది.

"సారూ, ఒక్కటడుగుత. ట్రాక్టరు చేను కొసకు పొయ్యి గంత జాగల ఎట్ల మర్లుతుంది?"

"స్టీరింగు తిప్పుతాడమ్మా."

"స్టీరింగు ఒక్కటే కాదు. దానికి రెండు బిరేకులుంటయి. ఎడమ దిక్కు మర్లాలంటె ఎడమ బిరేకు ఒక్కటే తొక్కుతడు. నేను నాట్లకు పోయినకాడ దినాం చూస్త. తేరుకు గట్ల ఒక దిక్కు బిరేకు పెట్టరాదా? మొద్దెందుకు?"

బాలప్ప నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. రైలులో బ్రేకు వేస్తే జతలోని రెండు చక్రాలూ కలిసే ఆగాలి. ఆగకపోతే నేను లేత్ దగ్గర్నుంచి కేకలేసేవాణ్ణి. ఒకటి ఆగి ఒకటి పోవడం నా ఉద్యోగంలో తప్పు. అందుకే ముప్ఫై ఒక్కేళ్ళూ ఆ ఆలోచన నా తలలోకి రాలేదు. ఇదే మొద్దు పని, కాకపోతే చెయ్యి దూరంగా ఉంటుంది.

"పెట్టొచ్చు," అన్నాను. చాయ్ పక్కన పెట్టి, మన్నులో పుల్లతో బ్రేకు బొమ్మ గీయడం మొదలుపెట్టాను.

నాగర్‌కర్నూలులో ఇనుప పైపు

నాగర్‌కర్నూలుకు బోల్టులు, పొడవాటి ఇనుప పైపు కొనడానికి వెళ్ళాం. నేను రైల్వేలో చేశానని బాలప్ప ఇనుప సామాన్ల దుకాణంలో చెప్పేశాడు. షావుకారు తూకం ఆపి, "మా ఊరికి రైలు ఎప్పుడొస్తది సార్?" అని అడిగాడు. చక్రాల గురించైతే చెప్పగలనుగానీ పట్టాల సంగతి నా చేతిలో లేదన్నాను. ఆయన పట్టాల మనిషినే అడుగుతానని, నా ముఖం చూసి రెండు నట్లు ఊరికే ఇచ్చాడు.

బ్రేకు చాలా మామూలుది. వెనక ఎడమ చక్రానికి ఎదురుగా ఒక తుమ్మ దిమ్మె, దాన్ని చక్రానికి అదిమే మీట, మీటకు రెండు బారల పైపు. పైపు కొస పట్టుకున్న మనిషి తేరు వెనక, చక్రానికి దూరంగా నడుస్తాడు. గూడ్సు బండిలో ఉన్నదీ ఇదే. అక్కడ గాలి తోస్తుంది, ఇక్కడ బాలప్ప తోస్తాడు. తిరుగు ప్రయాణానికి కుడివైపూ ఒకటి బిగించాం. చీల తీసి వదులు చేసిన చక్రాలకు గ్రీజు బాగా పెట్టమని నేనే చెప్పాను. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు.

పటేల్ వచ్చి చూసి, ఒప్పుకుని, ఒక షరతు పెట్టాడు.

"బిరేకు పట్టకుంటె? నర్సింహులు మొద్దు పట్టుకొని చక్రం పక్కపొంటి నడవాలె. పట్టకుంటె వెయ్యాలె. ఇంకో అరుగు పోకూడదు."

నర్సింహులు సరేనన్నాడు. బాలప్పను ఎవరూ అడగలేదు.

మూల

పున్నం నాటి సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే తేరు కదిలింది. డప్పులు, పూనకాలు, ఐస్‌ఫ్రూట్లు. తేరు గుడి నుంచి తిన్నగా చక్కగా వచ్చింది. చదును చేసిన చక్రాలు చాలు కోయలేదు. వెనక పైపు పట్టుకుని బాలప్ప, ఎడమ చక్రం పక్కన మొద్దు పట్టుకుని నర్సింహులు, అతని వెనక నేను. కిరాణా దుకాణం అతను ముందు జాగ్రత్తగా అరుగు మీది ఉప్పు బస్తాలు లోపల పెట్టేశాడు.

మూల వచ్చింది. మోకులు ఎడమకు మళ్ళాయి. బాలప్ప పైపు మీద ఒరిగాడు. దిమ్మె చక్రాన్ని తాకింది. చక్రం ఆగలేదు.

నాకు వెంటనే తెలిసింది. ఎండకు కరిగి, ఇరుసు నుంచి గ్రీజు చక్రం ముఖం మీదికి కారింది. నేను పెట్టమన్న గ్రీజు. దిమ్మె జారుతోంది. తేరు తిన్నగా దుకాణం వైపు పోతోంది. పటేల్ "ఎయ్, మొద్దెయ్!" అని అరిచాడు. నర్సింహులు వంగాడు.

"ఆగురా!" అని బాలప్ప అరిచాడు. పైపు మీద మనిషి మొత్తం వేలాడుతున్నాడు.

రైలింజనుకు చక్రం జారితే పట్టా మీద ఇసుక వదులుతారు. ఇది ఆలోచించి చేశానని చెప్పుకుంటే బాగుంటుంది, కానీ చేతులే చేశాయి. వంగి, దోసిలితో రోడ్డు మీది మన్ను ఎత్తి దిమ్మెకూ చక్రానికీ మధ్య విసిరాను. మళ్ళీ విసిరాను. మూడోసారి సగం నర్సింహులు మొహాన పడింది. కీచుమంటూ చక్రం ఆగింది. నర్సింహులు చెయ్యి చక్రానికి జానెడు దూరంలో ఉంది.

కుడి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. తేరు నిదానంగా, ఒక ముసలి మనిషి మంచం మీద ఒత్తిగిలినట్టు, ఎడమకు మళ్ళింది. తుమ్మ దిమ్మె నుంచి పొగ వచ్చింది. జనం స్వామి మహిమని దణ్ణాలు పెట్టారు. ఉద్యోగమంతా అలాంటి పొగ చూసి విసుక్కున్నవాణ్ణి, నేనూ పెట్టాను. నన్ను చూసి చుట్టుపక్కలవాళ్ళు కూడా మన్ను తీసి చక్రం మీద చల్లడం మొదలుపెట్టారు. వచ్చే ఏటికి ఇది ఆచారమవుతుందని నాకు అనుమానంగా ఉంది.

తేరు తిరిగి ఆగాక, పటేల్ చెప్పగా, నర్సింహులు ఆగి ఉన్న చక్రం కింద మొద్దు పెట్టాడు. సేవ సేవే గదా అన్నారు. తలపాగా కట్టారు. బాలప్ప పైపు వదల్లేదు. ఇద్దరు పట్టి వేళ్ళు విడదీయాల్సి వచ్చింది. ఇంటివైపు చెయ్యి చూపించాడు. ఎల్లమ్మకు చెప్పిరమ్మని.

ఇంటి వెనక పొయ్యి దగ్గర ఆమె రొట్టెలు చేస్తోంది. అప్పటికే గంపలో రొట్టెలు కుప్పగా ఉన్నాయి. ఇంట్లో తినేది నలుగురం. పక్కన పిండి డబ్బా ఖాళీగా పడి ఉంది. నన్ను చూసి చేతిలోని ముద్ద పీట మీద పెట్టింది.

"చెయ్యి?" అంది.

"రెండూ బాగున్నాయమ్మా. బ్రేకు పట్టింది. నువ్వు చెప్పిన బ్రేకే."

ఆమె అలాగే కూర్చుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అక్కడ పొయ్యి పొగ ఉండటం వల్ల ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని పడలేదు. "డప్పు మొదలైనకాడి నుంచి చేస్తనే ఉన్న సారూ, చేతులు ఊకుంటలేవు," అంది కొంగుతో మొహం తుడుచుకుని.

కాసేపటికి తలపాగాతో నర్సింహులు వచ్చాడు, మొహం నిండా మన్ను. ఆమె తలపాగా వంక చూడలేదు. వాడి రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు వెల్లకిలా తిప్పి, మళ్ళీ బోర్లా తిప్పి, వేలు వేలునా నొక్కి చూసింది. పెళ్ళికొడుకు కాబోయేవాడు, చిన్నపిల్లాడిలా ఊరుకున్నాడు.

"గ్రీజంటింది," అంది. "పొయ్యి సబ్బుపెట్టి కడుక్కొని రా. రొట్టెలు సల్లారుతున్నయి."